రుచి చూసింది మాణికమ్మ

మొన్నటి చలికి మా ఇంట్లో తేనె పేరుకుంది. కోడలు సీసా బోర్లించి చూస్తే బొట్టు కదల్లేదు. చెంచాతో గీకితే అడుగున తెల్లగా రవ్వలాగా పలుకు కట్టి ఉంది. "అత్తమ్మా, మోసం జేసిన్రు జూడు. చక్కెర ఎట్ల తేలిందో! పారేస్త దీన్ని" అంటూ చెత్తబుట్ట వైపు నడిచింది. "ఆగవే తల్లీ, ఇటు తే" అని చెంచా లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. పలుకు పళ్ళ కింద మెత్తగా విరిగి, నూనెగింజను పచ్చిగా నలిపితే వచ్చే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకెక్కింది. ఆ వాసన తగిలి ఎన్నేళ్ళయిందో. వంటింట్లో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే బీదరు చౌబారా బురుజు దగ్గరి రాతి దుకాణంలోకి వెళ్ళిపోయాను.

"యాడ కొన్నవే?" అని అడిగాను. "బస్టాండు కాడ ఒక ముసలామె గంపల పెట్టుకొని అమ్ముతుండె" అంది కోడలు. "ఏ ఊరామె?" "నాకేం తెలుసు అత్తమ్మా? తేనె కొనేటప్పుడు ఊరడుగుతరా ఎవరన్న?" అని నవ్వింది. అడుగుతారు. అడగకుండా తేనె సీసా చేతబట్టనివ్వని మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా తేనె కనిపిస్తే ముందు సీసా వెనక్కి తిప్పుతాను. ముందువైపు కొండలు, పూలు, తేనెటీగ బొమ్మ, 'స్వచ్ఛమైన' అని పెద్ద పెద్ద అక్షరాలు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్కడో ఫలానా దేశాల తేనెల మిశ్రమం అని ఉంటుంది. ఏ దేశం, ఏ ఊరు, ఏ పువ్వు అంటే జవాబుండదు. నాకు ఒళ్ళు మండిపోతుంది. అక్కడే నిలబడి ఆ కుర్రవాళ్ళతో వాదం పెట్టుకుంటాను, మా కోడలు సిగ్గుపడి దూరంగా పోయి నిలబడుతుంది.

ఆ మనిషి మాణికమ్మ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. బీదరులో ఆనాటి వాళ్ళే ఎంతమంది మిగిలారో తెలియదు. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. గల్లీ మొదట్లో ఆమె తిడుతుంటే గల్లీ చివర ఎవరిని తిడుతోందో తెలిసేది. తరాల కిందటే ఈ ప్రాంతంలో స్థిరపడిపోయిన తెలుగు రైతుల ఇంటి ఆడపడుచు. భర్త గోనెసంచుల వ్యాపారం చేసేవాడు, మాట తక్కువ మనిషి. తేనె దుకాణం మాత్రం పూర్తిగా ఆమెదే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తేనె తెచ్చి ఇస్తే రుచి చూసి, వడగట్టి, సీసాల్లో నింపి అమ్మేది. ఆమె గురించి ఒక్క మాట చెబితే చాలు, బీదరువాళ్ళు నోరెళ్ళబెడతారు. ఆమె మిరపకాయ తినేది కాదు. జొన్నరొట్టెలోకి మిరప తొక్కు లేకపోతే ముద్ద దిగని ఊళ్ళో పుట్టి, పప్పు కూడా చప్పగా వండుకుని తినేది. ఆకు వక్క లేదు, పొగాకు లేదు, మరీ వేడి చాయ్ లేదు. "నా దుకానం నా నాలిక మీద నడుస్తుంది పిల్లా, దాన్ని మాడ్చుకుంటనా?" అనేది. తొక్కు వాసన తగిలితే మాత్రం కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చేది. తినాలని ప్రాణం లాగేదని నాకు తెలుసు.

నేను బీదరు దగ్గరి ధన్నూర అనే పల్లెలో పుట్టాను. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో పెళ్ళయి బీదరుకు వచ్చాను. మా ఆయన అచ్చాపీసులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. మాణికమ్మ దుకాణం లేబుళ్ళు అక్కడే అచ్చయ్యేవి. పైన దుకాణం పేరు, రాష్ట్రం పేరు అచ్చువి, కింద ఖాళీ చోటు చేత్తో రాయడానికి. ఆ రాసే మనిషి మానేస్తే మా ఆయన నా పేరు చెప్పాడు. బడిలో కన్నడం, చర్చిలో తెలుగు నేర్చుకున్నాను, చేతిరాత బాగుంటుందని మా ఇంటా బయటా పేరు. వెళ్ళగానే మాణికమ్మక్క ఒక లేబుల్ నా ముందుకు తోసింది. "రాయి. మొదాల పువ్వు, దాని కింద ఊరు, దాని కింద రుచి ఎవరు జూసిన్రన్నది. గంతే" అంది. ఆమె చెప్పినట్టే కానుగ పువ్వు అని రాశాను. ఊరు ఏదంటే "ధన్నూర" అంది. మా ఊరే! సంబరంతో గుండ్రంగా రాశాను. మూడో వరుసలో 'రుచి చూసింది మాణికమ్మ' అని రాసి, ఇంకా చోటు మిగిలిందని, నా తెలివి చూపిద్దామని, కింద తీగలు చుట్టి 'అసలైన స్వచ్ఛమైన తేనె' అని కూడా చేర్చాను.

అది చదివి పెద్దగా నవ్వి, లేబుల్ పర్రున చింపేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "స్వచ్ఛమైన అని నువ్వెట్ల రాస్తవే? బెల్లం పాకం అమ్మెటోడు గూడ గదే రాస్తడు. ఇంకా పెద్దగ రాస్తడు. ఊరు మాత్రం రాయడు. రాస్తే ఎవడన్న ఆ ఊరికి పోయి అడుగుతడని భయం. మనకు భయం లేదు గాబట్టి ఊరు రాస్తం. ఇంక తీగెలు గీగెలు వద్దు" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "నీ అక్షరం మస్తుగున్నది, రేపట్నుంచి రా" అంది. అట్లా చేరినదాన్ని.

ఆ దుకాణంలో ఒక్కటే నియమం, దానికి సడలింపు లేదు. ఏ ఊరి తేనె ఆ ఊరి డబ్బాలోనే. ధన్నూరది ధన్నూరదే, చిట్టగుప్పది చిట్టగుప్పదే. ఒక డబ్బా నుంచి సీసాల్లోకి వంపి రెండో డబ్బా ముట్టుకునే ముందు గరాటు వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. వానాకాలంలో ఆ గరాటు ఆరదు, పని సాగదు, నా ప్రాణం విసిగేది. "అన్నీ కలిపేస్తే రంగు ఒక్క తీరుగుంటది గదక్కా, కొనెటోళ్ళకు గదే ఇష్టం" అనేదాన్ని. "అప్పుడు ఊరేమని రాస్తవు?" అనేది. పోయి గరాటు కడిగేదాన్ని.

బీదరు కోట గోడలకు పెద్ద పెద్ద తేనెపట్టులు పట్టేవి. ఆ తేనె అంటే జనానికి మోజు. సుల్తానుల కోట తేనె అని చెబితే ఎగబడి కొంటారని అందరూ చెప్పేవాళ్ళు. మాణికమ్మక్క ఆ తేనె నాలుక మీద పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. "ఈగ కోటలుంటది గాని కోటను తింటదా? ఏ చేన్ల మేసొచ్చిందో నాకు అందుతలేదు. రాయి, బీదరు కోట. పువ్వు తెలియదు" అంది. 'తెలియదు' అని లేబుల్ మీద రాస్తారా ఎక్కడైనా! రెండుసార్లు అడిగి మరీ రాశాను. కొందరు అది చదివి సీసా పెట్టేసి పోయారు. కొందరు అది చదివే కొన్నారు. ఒక ఉర్దూ పంతులుగారు ఆ లేబుల్ చదివించుకుని, "సచ్చీ ఔరత్", నిజం పలికే మనిషి, అని టోపీ సవరించుకుని, పండుగకు బంధువులందరికీ తీసుకుపోయారు.

ఆ రోజుల్లో తేనెకు ఇంటికొక పరీక్ష. ఒకరు ఒత్తి ముంచి వెలిగించేవారు, ఒకరు నీళ్ళలో బొట్టు వదిలేవారు, ఒకరు చీమలకు పెట్టేవారు. అన్నిటికంటే నమ్మకం కుక్క మీద. అసలు తేనెను కుక్క ముట్టదట! బట్టల దుకాణం వెంకోబన్న ఒకరోజు తన కుక్కను వెంటబెట్టుకునే వచ్చాడు. చుట్టూ నలుగురూ చేరారు. ఆకులో తేనె పెడితే ఆ కుక్క ఆకుతో సహా నాకేసి తోకాడించింది. "జూసిన్రా! నాకింది! కల్తీ మాల్!" అని వెంకోబన్న అరిచాడు. మాణికమ్మక్క కూర్చున్న చోటి నుంచి లేవనైనా లేవలేదు. "మీ కుక్కకు రుచి తెలిసింది వెంకోబన్నా. నువ్వు గూడ జర నాకి జూడు" అంది. నిలబడ్డవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయన చెయ్యి గుంజి, వెనకవైపు ఒక బొట్టు పెట్టింది. రుచి చూపించాలంటే ఆమె ఎప్పుడూ అరచేతిలో పెట్టదు, అరచేతికి సవాలక్ష వాసనలుంటాయని చేతి వెనకే పెట్టేది. ఆయన నాకి, ఒక సీసా కొనుక్కుని పోయాడు. ఆ కుక్క మాత్రం మరునాటి నుంచి రోజూ మా మెట్ల మీదే. దాన్ని తరమడం నా పనుల్లో ఒకటైంది.

మా తేనె సగానికి సగం హుమ్నాబాదులో శంకరప్ప సావుకారు దుకాణానికి పోయేది. లారీలు, బస్సులు ఆగే చోట ఆయనకు పెద్ద కిరాణా ఉండేది. హైదరాబాదు పోయే ప్రయాణికులు కొనుక్కుపోయేవాళ్ళు. ఆయనకు కన్నడం ఇంటిభాష, తెలుగు వ్యాపారభాష, కోపమొస్తే రెండూ కలిసేవి. మంచివాడే. ఆయన అంగట్లో మా సీసాలు చూసే కాబోలు, హైదరాబాదు నుంచి ఒక సేటు మా దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లటి పంచె, వేళ్ళకు ఉంగరాలు. సంచిలోంచి లేబుళ్ళ కట్ట తీసి బల్ల మీద పరిచాడు. పచ్చటి కొండలు, పొగమంచు, బంగారు అక్షరాలు. అచ్చు ఎంత బాగుందంటే నేను వేలితో తడిమి చూశాను. మీద 'కొడగు తేనె' అని ఉంది, అంటే కూర్గు కొండల తేనె. "అమ్మా, తేనె నీదే ఉండనీ, లేబుల్ నాది. ఎంత నింపితే అంత కొంటా. బీదరు తేనె అంటే ఎవడు కొంటడు? బీదరు అంటే బిద్రీ వెండిపని, జామకాయ. తేనె అంటే కొడగే. నీదీ మైసూరు స్టేటే, కొడగూ మైసూరు స్టేటే. అబద్ధం యాడుంది ఇండ్ల?" అన్నాడు.

మాణికమ్మక్క ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "బొమ్మ మంచిగున్నది సేటూ. ఈ కొండ మీద మా బాలయ్య ఎక్కలేడు, వానికి మోకాళ్ళ నొప్పులు" అంది. సేటుకు అర్థం కాలేదు. బాలయ్య మా ధన్నూర మనిషి, మా తేనెలో ఎక్కువ భాగం తెచ్చేవాడు. "నీ కొడగు తేనె బాగలేదని ఎవడన్న కొడగుకు పోయి కొట్లాడితే ఆడ మమ్మల్నెవరు ఎరుగుదురు? నా తేనెకు తిట్లు పడితే నా ఊళ్ళోళ్ళకే పడాలె, మెచ్చుకుంటే నా ఊళ్ళోళ్ళనే మెచ్చాలె. పో సేటూ, చాయ్ తాగి పో" అంది. సేటు నవ్వుతూనే లేచాడు. లేబుళ్ళ కట్ట మాత్రం బల్ల మీదే వదిలేసి, "మనసు మారుతది, ఉండనీ" అని పోయాడు. నిజం చెప్పాలంటే ఆ కట్టను పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. సొరుగులో పెట్టాను.

ఆ చలికాలం బీదరులో గోడలు కూడా వణికాయి. మాఘంలో ఒక పొద్దున హుమ్నాబాదు బస్సు మీద నుంచి పెట్టెలు దిగాయి. వెనకే శంకరప్ప దిగాడు. మొహం ఎర్రగా ఉంది. పెట్టె తెరిస్తే అన్నీ ధన్నూర సీసాలే, అన్నీ నా చేతిరాతే. వలిసె పువ్వు తేనె అది. మా దగ్గర ఆ నూనెగింజ పంటను గురెళ్ళు అంటారు, దీపావళి నాటికి చేలన్నీ పసుప్పచ్చగా పూస్తాయి. ఏటా ఆ తేనె చలి ముదిరేలోపు బీదరులోనే చెల్లిపోయేది. ఆ ఏడు పంట బాగా వచ్చి హుమ్నాబాదుకు కూడా పంపాం. అది సీసాల్లో తెల్లగా పేరుకుపోయింది, సరిగ్గా మొన్న మా కోడలు చూసినట్టు. "ఏనిది, ఏందిది మాణికమ్మా? హైదరాబాదు పాసింజరు నా అంగడి ముందర నిలబడి, లారీలోళ్ళందరి ముందర, నన్ను చక్కెర దొంగ అన్నాడు. మా నాయన పేరు మీద నడిచే అంగడి అది!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది.

"కల్తీ గాదు సావుకారీ, ఈ పువ్వు గుణమే గంత" అంది మాణికమ్మక్క. "నేను నమ్ముతా, వాళ్ళు నమ్మరు గదా! మీ ఎదురు దుకాణంలో తేనె చూడు, ఎప్పుడూ జారుతూనే ఉంటుంది" అన్నాడు. ఎదురు దుకాణంలో ఉన్నది బెల్లం పాకం అని గల్లీకంతా తెలుసు. అయినా అది జారేది, జనానికి ఆ జారుడే ధైర్యం. శంకరప్ప కూర్చుని, నీళ్ళు తాగి, మెత్తబడ్డాడు. "ఒక పని చెయ్. దీంట్లో ఇంకో ఊరి తేనె కొంచెం కలుపు, పేరుకోనిది. అది కూడా తేనే గదా, విషం కాదు గదా. ధన్నూర అని రాసుకో, ఎవరికి తెలుస్తుంది? వచ్చే సంత నాటికి చెప్పు. కాదంటే నేను సేటు దగ్గర కొడగు తేనె తెప్పించుకుంటా. నన్ను తప్పు పట్టకు" అన్నాడు. ఆయన పోతే మా అమ్మకంలో సగం పోయినట్టే. దుకాణం నిలబడదు, నా పని నిలబడదు. అన్నిటికీ మించి మా ఊరి పేరు చక్కెర దొంగల పేరై కూర్చుంటుంది. సాయంత్రానికే గల్లీలో గుసగుసలు మొదలయ్యాయి. మా చర్చిలో ఒకామె, "ధన్నూరోళ్ళు గట్ల జేస్తరని అనుకోలే కరుణమ్మా" అని నా మొహం మీదే అంది.

మర్నాడు ఒక ఉపాయంతో పోయాను. "అక్కా, ఈ సీసలన్నీ మెట్ల మీద ఎండల పెడుదాం. పూట గడిచేసరికి కరిగి సాఫ్ అయితది. జనమంతా చూస్తరు, చక్కెరైతే గట్ల కరుగుతదా అని చెప్దాం. నోళ్ళు మూతపడ్తయి!" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "చక్కెర పాకం పేరుకున్నా ఎండకు కరుగుతదే పిచ్చిదానా. కరుగుడు రుజువెట్లయితది? గది రుజువు గాదని నీకు తెలుసు, అయినా జనాన్ని నమ్మిస్తవు. మన తేనె నిజమే, మనం జెప్పేది అబద్ధం. గప్పుడు మనకూ ఆ కుక్కను తెచ్చినోనికీ ఏం ఫరక్?" అంది. మన పక్షాన న్యాయముంటే ఏ వాదమైనా పనికొస్తుందని అప్పటిదాకా అనుకున్నాను. లోకంలో చాలామంది ఇప్పటికీ అట్లాగే అనుకుంటారు. ఆమె కొంగు దులుపుకుని లేచింది. "శంకరప్పకు కబురు పంపు. పొద్దుగాల బస్సుకు ధన్నూర పోతున్నం. లేబిల్ మీద ఊరు రాసింది దేనికి మరి? సింగారానికా?" అంది.

భాల్కి బస్సెక్కి, రోడ్డు మీద దిగి, చేల గట్ల మీద నడిచాం. శంకరప్ప కూడా వచ్చాడు, ఆయన చేతిసంచిలో తిరిగొచ్చిన సీసా ఒకటి. గురెళ్ళు కోసేసిన చేలలో మోళ్ళు మిగిలి ఉన్నాయి. కోతలో మిగిలిపోయిన ఒక ఎండు మొక్క విరిచి, గింజ నలిపి శంకరప్ప ముక్కు దగ్గర పెట్టింది మాణికమ్మక్క. బాలయ్య ఇంట్లో లేడు, భార్య లచ్చమ్మ రొట్టెలు కొడుతోంది. మేము ఎందుకొచ్చామో ఆమెకు తెలియదు. ముందుగా కబురు చెయ్యవద్దని అక్క నన్ను గట్టిగా హెచ్చరించింది. "లచ్చమ్మా, మీ ఇంట్ల తినే తేనె ఉందా?" అని అడిగింది. "ఉంటది గదక్కా, పోరగాండ్ల దగ్గుకు" అని లచ్చమ్మ ఉట్టి మీద నుంచి చిన్న కుండ దించింది. శంకరప్ప వేలు పెట్టబోతే వేలు దిగలేదు. కుండ నిండా తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఇదేందమ్మా, ఇట్ల గట్టిగుంది?" అన్నాడు. లచ్చమ్మ ఆయన్ని వింతగా చూసింది. "చలికి నెయ్యి పేరుకోదా సావుకారీ? మీ ఇంట్ల నెయ్యి పేరుకుంటే గూడ పారబోస్తరా?" అంది. ఆయన కుండలోది కొంచెం గీకి తిన్నాడు. సంచిలోని సీసా తీసి అందులోది కొంచెం తిన్నాడు. మళ్ళీ కుండలోది. అదే పలుకు, అదే గింజ వాసన. ఎక్కడా కలపలేదు కాబట్టి రెండూ ఒక్కటే. ఆయన భుజాలు కిందికి దిగడం నా కళ్ళతో చూశాను. "ఆ రొట్టె ఇటు ఇయ్యమ్మా" అని అక్కడే కూలబడి, రొట్టె మీద ఆ తేనె రాసుకుని తిన్నాడు. తిన్నాక, "హైదరాబాదోళ్ళ కోసం చలికి పేరుకుంటుందని ఒక వరుస రాయించు మాణికమ్మా. అడిగినోణ్ణి నేనే ధన్నూర బస్సెక్కిస్తా" అన్నాడు. అట్లా మా లేబుల్ మీద నాలుగో వరుస వచ్చింది. అందరూ నమ్మారని చెప్పను. సేటు కొండల బొమ్మ సీసాలు మా కంటే ఎక్కువే అమ్ముడుపోయేవి. కానీ మా దుకాణం నిలిచింది. చర్చిలో ఆ మాటన్న ఆమెకు ఒక సీసా తీసుకుపోయి చేతిలో పెట్టాను, చదువుకో అని.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్కను అడిగాను. "బాలయ్య మామ నిజంగనే మోసం జేసుంటే? శంకరప్ప ముంగట ఆ కుండల వేరే తేనె ఉంటే ఏం జేస్తుంటివి?" "గప్పుడు గూడ తెలుస్తుండె గద" అంది. "తెలుసుకుందామనే పోయినం. గెలుద్దామని గాదు." అని, బస్సు కుదుపుకు తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. నాకు మాత్రం బీదరు దాకా నిద్ర రాలేదు. ఆ మనిషికి ముందురోజు నుంచి భయం వేసే ఉంటుందని, అయినా పోయిందని, అప్పుడు అర్థమైంది.

ఏళ్ళు గడిచాయి. నా పిల్లలు ఆ దుకాణం డబ్బాల మధ్యే పెరిగారు. ఒక వానాకాలం మాణికమ్మక్కకు టైఫాయిడ్ వచ్చి నెలల తరబడి మంచాన పడింది. లేచి వచ్చాక చిక్కి సగమైంది, గొంతు మాత్రం పాతదే. అదే సమయంలో రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. లేబుళ్ళు మళ్ళీ అచ్చు వెయ్యాలి. అంతకుముందు హైదరాబాద్ స్టేట్ కొట్టేసి మైసూరు స్టేట్ అని రాసిన కట్టలు నాకింకా గుర్తే. ఈ మాటు మూడో వరుస కూడా అచ్చులోనే వేయిస్తే నాకు రాత తగ్గుతుందని మా ఆయన అన్నాడు. ఆ సంగతి చెబుదామని మధ్యాహ్నం అన్నం వేళ ఆమె పక్కన కూర్చుని నా డబ్బా విప్పాను. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. ఆమె చెయ్యి చాపి, ఇంత తొక్కు తీసుకుని, రొట్టెలో చుట్టుకుని తినేసింది.

"అక్కా! నాలిక!" అని అరిచాను. "నాలికెక్కడిదే?" అంది, నిమ్మళంగా నములుతూ. కళ్ళలో నీళ్ళు రాలేదు, ముక్కు చీదలేదు. "జరంతోని పోయింది. ఉప్పు తెలుస్తలేదు, తీపి తెలుస్తలేదు. మంట మాత్రం సన్నగ తెలుస్తున్నది. ఇన్నేండ్లకు తొక్కు తినేటందుకు దేవుడు సెలవిచ్చిండు" అని నవ్వింది. ఆ తొక్కు తినకుండా ఆమె ఎంత కాలం నోరు కట్టుకుందో నాకు తెలుసు. ఇప్పుడు దాని రుచి కూడా ఆమెకు అందలేదు. ఏడ్చాను, దాచుకోలేదు. ఆమె నా వీపు తట్టి, కొత్త లేబుల్ నమూనా లాక్కుని చూసింది. "రాష్ట్రం పేరు ఎట్లాగూ మారుస్తున్నరు. మూడో వరుసల నా పేరు గూడ తీసెయ్యిరి" అంది.

"నీ పేరు చూసే గదక్కా కొంటరు! ఇంట్ల కూసొని ఉండు, నేను జూస్త అన్నీ. పేరు మాత్రం ఉండనీ. ఎవరికి తెలుస్తది?" అన్నాను. "శంకరప్ప కలుపుమన్ననాడు గూడ గదే మాటన్నడు" అంది. "నేను నాకని తేనె మీద నా పేరెందుకు?" అని ఒకసారి, రెండోసారి ఇంకా గట్టిగా అంది. ఇంక ఆమెను కదిలించడం ఎవరి వల్లా కాదు. లేచి, నన్ను గోడ వైపు తిరిగి నిలబడమంది. ఒక్కో డబ్బాలోంచి ఒక్కో బొట్టు నా చేతి వెనక పెట్టసాగింది. చెప్పాను. కానుగ, చిట్టగుప్ప. తుమ్మ, బసవకళ్యాణ్ దిక్కు. వలిసె, ధన్నూర. ఒక బొట్టు దగ్గర ఆగిపోయాను. ఎంత సేపు నాలుక మీద ఉంచుకున్నా అందలేదు. ఇది తప్పితే ఆమె మనసు విరుగుతుందని భయపడుతూ, "తెలుస్తలేదక్కా" అన్నాను. తిరిగి చూస్తే ఆమె మొహమంతా నవ్వు. అది కోట తేనె. "గది రాయి. తెలియదని రాయి. ఇగ నాకు రంది లేదు" అంది.

ఆమె పేరు నా చేత్తోనే కొట్టేశాను. కొత్త లేబుల్ మీద 'రుచి చూసింది కరుణమ్మ' అని రాశాను. ఆమె రోజూ వచ్చి గల్లా పక్కన కూర్చునేది. కొత్త సీసా అందుకున్న శంకరప్ప అలవాటుగా తిప్పి చూసి, "మాణికమ్మ పేరేది?" అన్నాడు. "ఈడనే ఉన్న సావుకారీ, నాలికే పోయింది. ఇగ ఈ కరుణమ్మనడుగు" అని, ఊరంతా వినేటట్టు చెప్పింది. కొందరు ఆ మాట విని రావడం మానేశారు. ఆమె పోయాక కూడా నేను చాలా కాలం నడిపాను. ఇప్పుడక్కడ ఫోన్ల దుకాణం ఉంది.

మొన్నటి సంగతికొస్తే, మర్నాడు కోడలు కూరగాయలకు పోయి బస్టాండులో ఆ ముసలామెను పట్టుకుంది. "చిట్టగుప్ప అవతల తండా అంట అత్తమ్మా. పేరు గూడ రాసుకొచ్చిన, ఇగ తిట్టకు" అంది. పాత కలం వెతికి, కాగితం ముక్క మీద ఊరి పేరు రాశాను. పైన వలిసె పువ్వు అని రాశాను, దాంట్లో నాకు అనుమానం లేదు. మూడో వరుసలో నా పేరు రాశాను. అక్షరం మునుపటంత గుండ్రంగా రాలేదు. "మన ఇంట్ల మనం తినే సీసకు లేబిలేంది అత్తమ్మా?" అని కోడలు నవ్వుతోంది. మూడో వరుసలో నా పేరు పక్కన ఇంకా చోటుంది. కోడలి చెయ్యి గుంజి, తిప్పి, వెనకవైపు తెల్లటి పలుకు ఇంత పెట్టాను.

"నాకి జూడు. నిమ్మళంగ రుచి జూసి, ఏమనిపిస్తున్నదో జెప్పు. తెలియకుంటే తెలియదను, గట్లనే రాస్త."